తడి కట్టె పేలదన్నవాళ్లకు

ప్లాంటులో నా అసలు పేరు రూతమ్మ అని ఎందరికి తెలుసో నాకు అనుమానమే. నేను ల్యాబ్ గడప దాటగానే క్యాంటీన్ నుంచి కంట్రోల్ రూమ్ దాకా "తేమ మేడం వస్తాంది" అని కబురు పాకేది. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో కూడా నాకు తెలుసు. పెట్టనీ. పత్తి కట్టెలో, ఊకలో, కంది కట్టెలో నీళ్లెంత ఉన్నాయో కనిపెట్టి చెప్పడమే ఉద్యోగమంతా నేను చేసిన పని. ఆ పేరుకు నాకెప్పుడూ కోపం రాలేదు. కోపం వేరే వాటికి వచ్చింది, ఇంకా తగ్గలేదు.

ఈ మధ్య హసన్‌పర్తి వైపు కాలేజీల్లో చదువు ముగించిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. పంట వ్యర్థాలతో కరెంటు తీసే ప్లాంట్లలో చేరబోతున్నారట. టర్బైన్ గురించి అడిగారు. ఆటోమేషన్ గురించి అడిగారు. ఆదివారాలు సెలవు ఉంటుందా అని కూడా అడిగారు. ఇంధనంలో తేమ గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. నేనే ఎత్తితే, "అదేముంది మేడం, తడిగా ఉంటే సరిగ్గా మండదు, అంతే కదా" అన్నాడు ఒకడు.

అంతే కదా! నాకు ఒళ్లు మండిపోయింది. సరిగ్గా ఆ మాటే పట్టుకుని ఒక మనిషి చేతులు కాల్చారు. పైగా కాలిన మనిషినే దోషిని చేసి బయటికి తోసేయబోయారు. ఆ సంగతి పిల్లలకు అప్పుడే చెప్పలేకపోయాను. కోపంలో ఉంటే నాకు వరుసగా చెప్పడం రాదు. కాఫీ ఇచ్చి పంపించేశాను. ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు, ఆడిట్లు ఇందులో ఉండవు. వాటి కోసం చూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మండేది కట్టె కాదు

మా నాన్న కాజీపేట రైల్వేలో ఫైర్‌మన్, బొగ్గు ఇంజన్ల కాలం మనిషి. అమ్మ పొయ్యి ముట్టిస్తుంటే గడప మీద కూర్చుని పొగ చూసి, "తెల్లగ వస్తాంది, ఇగ అన్నం ఆలస్యమే" అనేవాడు. "గంత తెలిసినోనివి నువ్వే వచ్చి ఊదు" అనేది అమ్మ. ఇంట్లో నేను నేర్చుకున్నది అంతవరకే. మిగతాది నా మొదటి బాస్ సుదర్శన్ సార్ నేర్పారు.

ఆయన ఒక రైస్ మిల్లులో ఊకతో గ్యాస్ తీసే యంత్రానికి ఇన్‌చార్జి. నోరు మంచిది కాదు, మనసు మంచిదని కూడా నేను హామీ ఇవ్వను, కానీ పని మాత్రం తెలిసిన మనిషి. నేను చేరిన రోజే అడిగారు. "ఏమ్మా, కట్టె మండుతదా?" కెమిస్ట్రీలో డిగ్రీ చేసి వచ్చినదాన్ని. "మండుతుంది సార్" అన్నాను. "ఎన్నడన్న సక్కగ చూసినవా?" అంటూ ఒక పాలపొడి డబ్బా, గుప్పెడు పత్తి కట్టె ముక్కలు నా ముందు పడేశారు.

మూతకు మేకుతో చిల్లు పొడిచి, ముక్కలు లోపల వేసి, డబ్బాను స్టవ్ మీద పెట్టమన్నారు. కాసేపటికి చిల్లులోంచి పొగ రావడం మొదలైంది. అగ్గిపుల్ల చూపిస్తే ఆ పొగ అంటుకుని దీపంలా వెలిగింది. లోపల కట్టెకు నిప్పు తగలనే లేదు. చల్లారాక మూత తీస్తే ఆకారం చెడకుండా నల్లటి బొగ్గు ఉంది.

"సమజైందా? మండేది కట్టె గాదు. వేడికి కట్టె లోపల్లోపల విరిగిపోతది. అండ్లకెళ్లి గ్యాస్ వస్తది. మండేది అది, మిగిలేది బొగ్గు. గిది తెల్వకుంట బాయిలర్ కాడికి పోయినోడు తను సచ్చుడే గాక పక్కోన్ని గూడ సంపుతడు" అన్నారు సార్. మరునాడు అవే ముక్కలు నానబెట్టి మళ్లీ చేయించారు. ఆ రెండో డబ్బా గురించి తర్వాత చెబుతాను, అది ఈ కథకు అవసరం పడుతుంది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోవాలి. తడి కట్టెకు వేడి తగిలితే ముందు నీళ్లు లేస్తాయి. ఆ నీళ్లు పోయేదాకా కట్టె వేడి, నీళ్లు మరిగే దగ్గరే ఆగిపోతుంది. ఎంత మంట పెట్టినా పైకి కదలదు. కట్టె విరిగి గ్యాస్ వదలాలంటే అంతకు రెట్టింపు పైన వేడెక్కాలి. కాబట్టి తడిది వేస్తే ఫర్నేస్ వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే సరిపోతుంది. మంట కుంగుతుంది, చిమ్నీలోంచి తెల్లగా వస్తుంది. చూసేవాళ్లు ఆరిపోతోంది అనుకుంటారు.

ఆరిపోవడం లేదు. లోపల కుప్ప పేరుకుంటోంది. పై ముక్కలు ఆవిరి వదులుతుంటే అడుగున ఎర్రటి బొగ్గు ఉంటుంది. ఆ ఆవిరి ఎర్రటి బొగ్గుకు తగిలితే మరో గ్యాస్ పుడుతుంది, అదీ మండేదే. నీళ్లు నిప్పును ఆర్పుతాయని చిన్నప్పటి నుంచి నమ్ముతాం కదా, ఇక్కడ ఆ నీళ్లే మండే గ్యాస్‌లో సగం సరుకు. ఎండిన ముక్కల నుంచి వచ్చే పొగ కూడా దానికి తోడవుతుంది. మండటానికి గాలి చాలక అదంతా ఫర్నేస్ నిండా పోగై కూర్చుంటుంది, ఎవరో తలుపు తీసి గాలి ఇచ్చేదాకా.

"తెల్ల పొగ ఉన్నంతసేపు తలుపు జోలికి పోవద్దు. కట్టె వేసుడు ఆపాలె, పైనుంచి మెల్లగ గాలి ఇయ్యాలె, నోరు మూసుకొని కూసోవాలె." ఇది సుదర్శన్ సార్ నాకిచ్చిన ఉపదేశం. ఇంతకంటే ముఖ్యమైనది ఆ తర్వాత నాకెవరూ చెప్పలేదు.

చేయి పెట్టి చూడటం

తర్వాత నేను చేరింది ములుగు రోడ్డు వైపు ఉన్న ఒక కరెంటు ప్లాంటు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పత్తి కట్టె, కంది కట్టె, మిల్లుల నుంచి ఊక లారీల్లో, ట్రాక్టర్లలో వచ్చేవి. వచ్చిన ప్రతి లోడు నుంచి కొంత తీసి నేను ఓవెన్‌లో ఆరబెట్టి, ముందూ వెనకా తూచి, తేమ ఎంతో చెప్పాలి. దానికి గంటలు పడుతుంది. లారీవాడు గంటలు ఆగడు, హారన్ కొట్టి చెవులు చిల్లులు పొడుస్తాడు. అందుకని మా గేటు దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. లోడు ఆగగానే ఎవరో ఒకరు మోచేతి దాకా చేయి లోపలికి దూర్చి, గుప్పెడు ముక్కలు లాగి పిడికిట్లో నలిపి చూడాలి. పైన ఎండినవి కప్పి కింద తడివి నింపడం సప్లయర్లకు అలవాటు. బరువు కోసం దారిలో బోరు దగ్గర ఆపి పైపు పెట్టేవాళ్లూ ఉన్నారు.

చేతిని నేను పూర్తిగా నమ్మను. చలి పొద్దున ఎండిన కట్టె కూడా తడిగానే తగులుతుంది. కానీ ఓవెన్ చెప్పేలోపు లోడు ఫర్నేస్‌లోకి పోతుంది కాబట్టి గేటు దగ్గర చేయే దిక్కు. చేతిలో పట్టుకుని క్షణంలో తేమ చూసే మీటర్లు బజారులో దొరుకుతున్నాయి, ఒకటి తెప్పించండి అని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. మేనేజర్ ఆఫీసులో ఏసీలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవి వచ్చేవి.

పొట్టు పొయ్యి పాండిత్యం

ఆ మేనేజర్ పేరు చక్రధర్. వేషం, మాట అన్నీ దర్జా. ఇంజనీరింగ్ చదివిన మనిషి. అయినా ఆయనకు ఇంధనం గురించి తెలిసిందంతా చిన్నప్పుడు వాళ్లింట్లో చూసిన పొట్టు పొయ్యి. ఇది వెక్కిరింపు కాదు, ఆయనే గర్వంగా చెప్పేవారు.

పొట్టు పొయ్యి చూడని పిల్లలకు చెబుతాను. రంపపు పొట్టును డబ్బాలో నింపి, మధ్యలో సీసా నిలబెట్టి గట్టిగా దట్టించి, సీసా లాగేస్తే గొట్టంలా దారి మిగులుతుంది. కింద నిప్పు పెడితే సాయంత్రమంతా మెల్లగా కాలుతుంది. పొట్టు రాలిపోకుండా దట్టించేటప్పుడు కాసిని నీళ్లు చిలకరిస్తారు. చక్రధర్ గారి అమ్మగారు అలాగే చేసేవారట. దాన్నుంచి ఆయన తేల్చిన శాస్త్రం, తడిపితే ఇంధనం ఎక్కువసేపు వస్తుంది.

"సార్, అది మెల్లగా కాలేది గట్టిగా దట్టించినందుకు. నీళ్లు చల్లినందుకు కాదు. పైగా మీ అమ్మగారి పొయ్యికి నోరు తెరిచే ఉంటుంది. మన ఫర్నేస్ నాలుగు వైపులా మూసి ఉంటుంది" అన్నాను మీటింగులో. "మేడం, ప్రాక్టికల్‌గా ఆలోచించండి. పుస్తకాలు పక్కన పెట్టండి" అన్నారు. అందరూ తల ఊపారు. ఆ తల ఊపడం చూస్తే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందులో సగం మందికి నేను చెప్పింది నిజమని తెలుసు.

యార్డులో పెద్ద పైపు పెట్టించారు. పొద్దున, సాయంత్రం కుప్పల మీద నీళ్లు. పక్క ఊరివాళ్లు దుమ్ము లేస్తోందని గొడవ పెడుతున్నారు, అది ఒక కారణం. ఎండాకాలం కుప్ప అంటుకుంటుందన్న భయం రెండోది. తడిసిన కుప్ప లోపల పులిసి తనంతట తానే వేడెక్కుతుందని చెప్పి, ఇనుప కడ్డీ ఒకటి కుప్పలోకి దిగేసి, తర్వాత బయటికి లాగి ఆయన చేతికి ఇవ్వబోయాను. ముట్టుకుని "అబ్బా" అన్నారు. "ఎండకు వేడెక్కింది" అన్నారు. లోపల ఉన్న కడ్డీకి ఎండ ఎట్లా తగిలిందో దేవుడికే తెలియాలి.

దుమ్ము నిజమే, ఊరివాళ్ల బాధా నిజమే. రేకుల షెడ్డు వేస్తే దుమ్మూ ఆగుతుంది, వానా ఆగుతుంది. షెడ్డుకు మాత్రం ఆయనకు తీరిక దొరకలేదు.

ఆ మధ్యాహ్నం

సమ్మయ్యది ములుగు అవతల అడవి అంచు ఊరు. బాయిలర్ దగ్గర ఫైర్‌మన్. ఫర్నేస్ తలుపు దగ్గర నిలబడి మంటను చూసుకోవడం, అవసరమైతే పొడవాటి సలాకతో కుప్పను కదిలించడం ఆయన పని. తనకు తెలియనిది తెలియదని అడిగే మనిషి. "తేమ మేడం" అని నా ముఖం మీద అన్నది సమ్మయ్య ఒక్కడే. "ఏంది మేడం, ఇయ్యాల తేమ ఎట్లున్నది, వేసుడా, ఆపుడా?" అని నవ్వుతూ అడిగేవాడు. నేను చెప్పిన తెల్ల పొగ సంగతి గుర్తు పెట్టుకున్నాడు.

వానాకాలం అప్పుడే మొదలైంది. ముందురోజు గట్టి వాన పడింది. యార్డు మీద కప్పు లేదు, కుప్పలన్నీ తడిసి ముద్దయ్యాయి. అయినా పొద్దున పైపు ఆగలేదు. వాన పడిన కుప్పల మీద మళ్లీ నీళ్లు! ఎందుకయ్యా అంటే "సార్ ఆపమనలేదు" అన్నారు పైపు పట్టినవాళ్లు. ఇట్లాంటి విధేయత నేను ఇంకెక్కడా చూడలేదు.

మధ్యాహ్నానికి స్టీమ్ ప్రెషర్ పడిపోవడం మొదలైంది. కరెంటు తగ్గుతోందని చక్రధర్ గారు బాయిలర్ దగ్గరికి దిగి వచ్చారు. అప్పుడు నేను శాంపిల్ ట్రేతో అటే వెళ్తున్నాను. తల ఎత్తితే చిమ్నీ నిండా తెల్లగా ఉంది. కాళ్లు వాటంతట అవే పరుగెత్తాయి. లోపల గట్టిగా అరుచుకుంటున్న మాటలు వినిపిస్తున్నాయి.

"వేసుడు ఆపుదాం సార్. పొగ తెల్లగొస్తాంది. జర ఆగుదాం" అంటున్నాడు సమ్మయ్య.

"ఆపేదేం లేదు. ఇంకా వెయ్యండి. తలుపు తీసి పొడువు, అంటుకుంటది."

"వద్దు సార్, మేడం చెప్పింది..."

"మేడం ల్యాబ్ చూసుకుంటది. నువ్వు పొడువు."

"సమ్మయ్యా, తియ్యకు!" అని నేను అరిచాను. బాయిలర్‌కు గాలి కొట్టే ఫ్యాన్లు వాళ్ల పక్కనే, ఆ మోతలో అది ఎవరికీ చేరలేదు.

సమ్మయ్య తలుపు తీశాడు. సలాక లోపలికి పెట్టాడో లేదో తెలియదు. దబ్బుమని ఒక చప్పుడు, మనిషి ఎత్తు మంట తలుపులోంచి బయటికి తన్నింది. సమ్మయ్య రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అందుకే ముఖం మిగిలింది. చేతులు మిగలలేదు. ట్రే నా చేతిలోంచి ఎప్పుడు జారిపడిందో నాకు గుర్తు లేదు, ఆ అరుపు మాత్రం గుర్తుంది. అందరం బకెట్లతో నీళ్లు పోసి, జీపులో వేసుకుని దవాఖానకు పరుగెత్తాం.

డీజిల్ పోశాడట

దవాఖాన నుంచి నేను తిరిగి వచ్చేసరికి క్యాంటీన్‌లో కథ తయారై ఉంది. తడి కట్టె ఎక్కడైనా పేలుతుందా? నీళ్లున్నచోట మంట లేస్తుందా? సమ్మయ్యే మంట త్వరగా అందుకోవాలని డీజిల్ గుడ్డ లోపలికి విసిరి ఉంటాడు. ఈ కథ ఎవరి నోట పుట్టిందో చెప్పాల్సిన పని లేదు. పొడవమన్న మాట అసలు తాను అననే లేదన్నారు చక్రధర్ గారు. పక్కన నిలబడ్డవాళ్లు "ఫ్యాన్ల సప్పుడుకు మాకు ఇనవడలే" అన్నారు. నా మాట లెక్కలోకి రాదన్నారు, ల్యాబ్ మనిషికి బాయిలర్ దగ్గర పనేమిటని.

డీజిల్ కథ నిలబడితే సమ్మయ్య ఉద్యోగం పోతుంది, ఫైర్‌మన్ సర్టిఫికెట్ పోతుంది, దవాఖాన ఖర్చు ప్లాంటుది కాదంటారు. కాలిన చేతులతో మనిషి రోడ్డున పడతాడు. ఇవన్నీ తెలిసే అన్నారు ఆ మాట. బాయిలర్ సంగతి తెలియక చేసిన తప్పును నేను ఎప్పటికైనా క్షమించగలనేమో. దీన్ని క్షమించను.

సమ్మయ్య భార్య కొమురమ్మ వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"అమ్మా, నా మొగడు డీజిల్ పోసిండంటాండ్రు. గాయిన పోసేటోడా అమ్మా? మస్తు భయస్తుడు. ఇంట్ల గ్యాస్ పొయ్యి గూడ నన్నే ముట్టియ్యమంటడు."

"నాకు తెలుసు కొమురమ్మా."

"మీకు తెలిస్తే ఏమాయె? తెలువాల్సినోల్లకు తెలువాలె గద."

నిజమే కదా. నాకు తెలిసి ఏం లాభం? ఆ మాట ఇంటికి వచ్చే దారంతా నా చెవుల్లో మోగింది.

రెండో డబ్బా

విచారణకు సర్కారు బాయిలర్ల శాఖ నుంచి ఒక పెద్దవయసు అధికారి వచ్చారు. నిదానస్తుడు. అప్పటికి సమ్మయ్యను డిశ్చార్జి చేశారు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, వెనకాల కొమురమ్మ. చక్రధర్ గారు తన కథ చక్కగా చెప్పారు. అధికారి నా వైపు తిరిగి, "తడి ఇంధనం అయితే మంట ఆరిపోవాలి కదమ్మా, తన్నడం ఏమిటి?" అని అడిగారు. ఆయన తప్పు లేదు. లోకమంతా అట్లాగే అనుకుంటుంది.

"చెబితే ఎవరూ నమ్మడం లేదు సార్. ఒక టీ తాగేంత సమయం ఇవ్వండి, చూపిస్తాను" అన్నాను.

ల్యాబ్ ముందు క్యాంటీన్ స్టవ్ పెట్టించాను. రెండు పాలపొడి డబ్బాలు, మూతలకు చిల్లులు, పక్కన ఒక కొవ్వొత్తి. ఒకదాంట్లో ఓవెన్‌లో ఆరబెట్టిన ముక్కలు, ఇంకోదాంట్లో యార్డు కుప్పలోంచి అప్పుడే తెచ్చిన తడి ముక్కలు. తడివి అధికారి చేతనే వేయించాను, డీజిల్ వాసన ఏమైనా వస్తోందా చూడమని కూడా చెప్పాను. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని, లేదని తల ఊపారు.

ఎండిన డబ్బా వెంటనే పొగ ఇచ్చింది, అగ్గిపుల్లకు అంటుకుని బుద్ధిగా వెలిగింది. చివరిదాకా ఒకే తీరు మంట. దాన్ని దించి తడి డబ్బా పెట్టాను. తెల్లటి ఆవిరి. అగ్గిపుల్ల చూపిస్తే ఆరిపోయింది. మళ్లీ గీశాను, మళ్లీ ఆరిపోయింది.

"మేడం, లోపల ఇడ్లీలు పెట్టిండ్రా?" అన్నారు చక్రధర్ గారు. అందరూ నవ్వారు. సమ్మయ్య తల దించుకున్నాడు. కొమురమ్మ నన్నే చూస్తోంది. నానిన ముక్కలు ఎంతసేపు తీసుకుంటాయో నాకు తెలుసు, కానీ అధికారి ఓపిక ఎంతో తెలియదు. ఆయన టీ అయిపోయింది. లేవబోయారు. "ఇంకొంచెం సార్" అన్నాను.

ఆవిరి పలచబడింది. ఆ తర్వాత రంగు మారింది. పసుపచ్చగా, చిక్కగా, కళ్లు మండేలా పొగ. స్టవ్ ఆపేసి డబ్బాను పటకారుతో దించి నేల మీద పెట్టాను. కొంచెం చల్లబడగానే అది చిల్లులోంచి బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఫర్నేస్ తలుపు తీస్తే జరిగేది కూడా అదే.

"సార్" అన్నాను చక్రధర్ గారితో. "తడి కట్టెనే కదా, దీంట్లో డీజిల్ లేదు కదా. ఈ కొవ్వొత్తి ముట్టించి పట్టుకుని, మీరే దగ్గరికి వంగి మూత తీయండి."

ఆయన కొవ్వొత్తి అందుకున్నారు. ఒక అడుగు వేశారు. డబ్బా వైపు చూశారు, తర్వాత సమ్మయ్య కట్ల వైపు చూశారు. ఆగిపోయారు.

"ఎందుకు సార్ ఆగిండ్రు? తడి కట్టె పేలదు కదా!" నా గొంతు ఎంత పైకి లేచిందో నాకే తెలియదు. "సమ్మయ్యను తియ్యమన్నప్పుడు ఇంత ఆలోచించలేదేం?"

ఆయన కొవ్వొత్తి బల్ల మీద పెట్టేశారు. అధికారి అందరినీ వెనక్కి జరగమన్నారు. నేను పొడవాటి కర్ర చివర నిప్పు పెట్టి దూరం నుంచి చిల్లు దగ్గర చూపించాను. మంట చిల్లులోంచి లోపలికి దూరింది. టప్పుమని మూత ఎగిరి ల్యాబ్ గోడకు తగిలి కింద పడింది. క్యాంటీన్ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అధికారి వెళ్లి ఆ మూత తీసుకొచ్చారు. చక్రధర్ గారి ముందు పెట్టి, "ఇందులో డీజిల్ ఎవరు పోశారు?" అని అడిగారు. అప్పుడు వెనక నుంచి ఒక హెల్పర్, "పొడువుమని సారే అన్నడు. నేను ఇన్న" అన్నాడు. తర్వాత ఇంకొకడు నోరు తెరిచాడు. అంతవరకు అడ్డొచ్చిన ఫ్యాన్ల చప్పుడు ఉన్నట్టుండి ఎవరికీ అడ్డం రాలేదు.

గేటు దగ్గర

తప్పు సమ్మయ్యది కాదని తేలింది. ఉద్యోగం నిలబడింది, వైద్యం ప్లాంటే చేయించింది. యార్డు మీద షెడ్డు వేయాలని, గేటు దగ్గర తడి లోడును తిప్పి పంపే అధికారం ఉన్న మనిషిని పెట్టాలని అధికారి రాసి వెళ్లారు. అంతవరకు సంతోషమే. చక్రధర్ గారికి ఏం శిక్ష పడిందని అడుగుతారేమో. ఇంతకంటే పెద్ద ప్లాంటుకు, ఇంతకంటే పెద్ద కుర్చీకి పంపించారు. పోయేరోజు దండ కూడా వేశారు. నేను ఆ రోజు ల్యాబ్ తలుపు వేసుకుని ఓవెన్ తుడుచుకున్నాను.

షెడ్డు వచ్చింది. మీటర్ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో విన్నాక మీరే చెప్పండి, మనిషన్నవాడికి కోపం రాకుండా ఉంటుందా అని. "మీటర్ ఎందుకు మేడం? సమ్మయ్యకు బాయిలర్ పని చేతకాదు కదా, గేటు దగ్గర కూర్చోబెడుతున్నాం. ఆనవాయితీ ఉండనే ఉంది, చేయి పెట్టి చూస్తాడు" అన్నారు కొత్త దొరలు. ఏ చేయి? అరచేతుల మీద ఒంట్లో వేరే చోటి నుంచి తీసి అతికించిన చర్మం. నున్నగా మెరుస్తుంది. దానికి వేడి తెలియదు, చలువ తెలియదు, తడి అసలే తెలియదు. ఆ చేతులను తేమ చూడటానికి పెట్టారు. అడిగితే "లైట్ డ్యూటీ" అన్నారు. నేను అడిగాను, అరిచాను, రిటైర్ అయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను.

సమ్మయ్య మాత్రం గేటు వద్దనలేదు. "పోనీ తీయి మేడం, ఫికర్ చెయ్యకుండ్రి. తడిది లోపలికి పోకుంట ఆపుడైతే నా చేతుల ఉన్నది గద" అన్నాడు. గుప్పెడు ముక్కలు తీసి చెంపకు ఆనించుకుని చూడటం అలవాటు చేసుకున్నాడు. లారీవాళ్లు దానికి కూడా నవ్వుతారు.

మొన్న ములుగులో మా చెల్లెలి ఇంటికి పోయి వస్తూ బస్సు దిగి ప్లాంటు దగ్గర ఆగాను. సమ్మయ్య స్టూలు మీద నుంచి లేచి, "అరె, తేమ మేడం! ఎట్లున్నరు?" అన్నాడు. కొమురమ్మ ఎట్లా ఉందని అడుగుతుండగానే పత్తి కట్టె లారీ ఒకటి వచ్చి ఆగింది. సమ్మయ్య మోచేతి దాకా చేయి దూర్చి గుప్పెడు ముక్కలు లాగాడు. చెంపకు ఆనించుకున్నాడు. తీశాడు, మళ్లీ ఆనించాడు. ఎండ మండిపోతోంది, ముఖమంతా చెమట.

"మేడం, చెమటతోని చెంపకు గూడ తెలుస్తలేదు. జర మీరు చేయి పెట్టుండ్రి" అన్నాడు.

పెట్టాను. పైపైన ఎండి ఉంది. మోచేతి లోతున ముక్కలు నానిపోయి, నలిపితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు దిగాయి.

"తడేనా?"

"తడే సమ్మయ్యా."

సమ్మయ్య డ్రైవర్ వైపు తిరిగి, "తిప్పు బండి" అన్నాడు.

డ్రైవర్‌కు కోపం వచ్చింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నీ చేతులకు సోయే లేదాయె! తడి అని నువ్వెట్ల చెప్తవే?" అని అరిచాడు.

సమ్మయ్య లారీ దగ్గరికి నడిచాడు. రెండు అరచేతులూ కిటికీ దాకా ఎత్తి పట్టుకున్నాడు.

"గీ చేతులకు సోయి ఎందుకు లేదో, ముందుగాల అది అడుగు" అన్నాడు.

డ్రైవర్ అడగలేదు. బండి వెనక్కి తిప్పాడు.